కండక్టరు ఎక్కకముందే

క్రితం వారం సభలో జరిగిన అభాసు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారం పత్రిక పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగివ్వకపోతే మాత్రం మీ తప్పు కాదు, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

బస్సు కండక్టరుగా పనిచేసి, సమ్మెలో ముందు నడిచి, ఆ ఊపులోనే సభకు గెలిచిన మన కండక్టరమ్మ ఒక బిల్లు పెట్టింది. సభ్యుల జీతం సగానికి కొయ్యాలి, దిగిపోయాక వచ్చే పింఛను ఎత్తెయ్యాలి, వాళ్ళకూ వాళ్ళ ఇంటివాళ్ళకూ జరిగే ఉచిత వైద్యం ఆపెయ్యాలి. ఇందులో ఆమె సొంతంగా రాసిన ముక్క ఒక్కటీ లేదు. అంతకుముందు ఇదే సభ డిపో కార్మికులకు ఏమేం కోసిందో ఆ చట్టాన్నే ముందు పెట్టుకుని, "కార్మికులు" అన్న చోటల్లా "సభ్యులు" అని మార్చింది. ఆ మాత్రానికే పెద్దలందరికీ ముచ్చెమటలు పట్టాయి.

వద్దని పైకి అనడానికి ఎవరికీ నోరు రాదు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, టీవీలు చూస్తున్నాయి. అప్పుడు పార్టీ విప్, అంటే ఎవరు ఎటు ఓటెయ్యాలో శాసించే పెద్దమనిషి, ఒక ఉపాయం పన్నాడు. ఈయన స్వయానా కండక్టరమ్మకు బావ, అక్క మొగుడు. "అందరూ అవును అనండి, శంఖం ఒక్కడే కాదు అంటాడు" అన్నాడు. శంఖం వెనక బెంచీ సభ్యుడు, విప్ గారింట్లో తమ్ముడిలా తిని తిరిగేవాడు. పదిమంది పెట్టు గొంతు, మైకు అక్కర్లేదు. నోటి ఓటులో ఎటు ఎక్కువో స్పీకరు చెవి తేల్చాలి కదా. శంఖం మోగితే ఆ చెవికి ఇంకేమీ వినిపించదు, బిల్లు చస్తుంది, చంపినవాడి పేరు ఎక్కడా ఉండదు. తీరా ఆ రోజు అందరూ కెమెరాల వైపు నవ్వుతూ "అవును" అన్నారు. శంఖం మాత్రం పెదవి విప్పకుండా కూర్చున్నాడు. బిల్లు మొదటి గండం గట్టెక్కింది.

ఆఖరి ఓటు ఇవాళ, మధ్యాహ్న విరామం అయ్యాక. ఆ విరామంలోనే కండక్టరమ్మకు బావ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"అక్క నిన్ను కలవరిస్తోంది. ఒక్కసారి వచ్చి పో."

* * *

సభ వెనక వీధి దాటితే ఆసుపత్రి. కింద పెద్ద హాలు, గోడకు టీవీ, పొడుగాటి బెంచీల మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు. ఈ హాలు కండక్టరమ్మకు కొత్తేమీ కాదు. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో తనతో పనిచేసిన డ్రైవరన్నయ్య భార్యను డయాలసిస్‌కు తీసుకొచ్చినప్పుడల్లా ఇదే బెంచీ మీద కూర్చునేది. రోగితో వచ్చినవాళ్ళను లోపలికి రానిచ్చేవారు కాదు. చట్టం మారి ఉచితం ఆగిపోయాక వదిన వారానికి మూడుసార్లు రావాల్సింది ఒక్కసారి వచ్చింది. తర్వాత అసలు రాలేదు. బిల్లు అక్కడ పుట్టింది. సభలో ఎవరో "ఈవిడకి ఈ ఆలోచన ఎవరిచ్చారు?" అని ఎకసెక్కెం చేసినప్పుడు ఆమె జవాబివ్వలేదు. వదిన పేరు ఆ సభలో పలకడం ఇష్టంలేక ఊరుకుంది.

పైన సభ్యుల కుటుంబాల గది. చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, గోడకు టీవీ ఉంది కానీ ఆపేసి ఉంది. మంచం మీద అక్క కళ్ళు మూసుకుని పడుకుంది. చేతిలోంచి ఎర్రగా రెండు గొట్టాలు యంత్రంలోకి వెళ్తున్నాయి. యంత్రం గుడగుడమంటూ తిరుగుతోంది. రెండేళ్ళుగా చూడని మొహం అది. చెంపలు పీక్కుపోయాయి, మెడ దగ్గర ఎముక తేలింది.

ఆమెకొక అలవాటుంది. భుజానికున్న తోలు బ్యాగు దించదు. కండక్టరు బ్యాగు దించిందంటే కొలువు పోయినట్టే, అన్నం తినేటప్పుడు కూడా అది ఒళ్ళోనే ఉండాలి. సభలోకి కూడా అదే బ్యాగుతో వెళ్తుంటే పట్టుచీరల సభ్యురాళ్ళు మూతులు తిప్పుకున్నారు. ఆమె లెక్కచెయ్యలేదు. కళ్ళద్దాలు, మందులు, సభ తలుపు తెరుచుకోడానికి ఇచ్చిన కార్డు, అన్నీ అందులోనే. ఇవాళ మాత్రం అక్క చెయ్యి పట్టుకోవడానికి వంగితే బ్యాగు జారి గొట్టాల మీద పడబోయింది. చటుక్కున తీసి పక్కన పెట్టింది. బావ దాన్ని మర్యాదగా అందుకుని తన కుర్చీకి తగిలించుకున్నాడు.

"నిద్రపోతోంది, లేపకు," అన్నాడు. "కూర్చో అమ్మాయ్."

"ఏమన్నారు డాక్టర్లు?"

"ఏమంటారు? ఇది ఆగకుండా నడిస్తే ఉంటుంది. ఆగితే ఉండదు. ఆగుతుందా లేదా అన్నది డాక్టర్ల చేతుల్లో లేదు." చేతిలో కమలాపండు వలుస్తూ తొనలమీది తెల్లటి పీచు తాపీగా తీస్తున్నాడు. "నీ చేతుల్లో ఉంది."

"బావా, ఈ మాట చెప్పడానికా పిలిపించారు?"

"మరి పేరంటానికనుకున్నావా? ఇంకాసేపట్లో నువ్వు లేచి నిలబడి, బిల్లు వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క మాట అంటే చాలు. నీ పరువూ పోదు, మా పరువూ పోదు. అధ్యయనానికి కమిటీ వేయిస్తా. కావాలంటే నువ్వే అధ్యక్షురాలివి."

"కమిటీల సంగతి నాకు తెలియదా? డిపోవాళ్ళకి కూడా వేశారుగా. ఇప్పటికీ టీలు తాగుతూనే ఉన్నారు."

"చూడు, మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడకు. నీ కండక్టరు పరీక్షకి ఫీజు కట్టింది నేను. నిన్ను చేయిపట్టి పార్టీలోకి తెచ్చి టికెట్టిప్పించింది నేను."

"డిపో ఓట్లు కావాల్సొచ్చి ఇప్పించారు. ఫీజు మాట మాత్రం నిజం. ఆ ఒక్క ఫీజునీ ఇప్పటికి ఎన్నిసార్లు వసూలు చేశారో!"

బావ నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడా తడి లేదు. ఎన్ని ప్రభుత్వాలు కూలినా కుర్చీ కదలని మనిషి ఆయన. కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు.

"సరే, నీతులు పక్కన పెట్టు. జీతం కోసేశావు, పింఛను ఎత్తేశావు. రేపు ఈ సభకి ఎవరొస్తారో ఆలోచించావా? కొండలు తవ్వేవాళ్ళు, కాలేజీలు నడిపేవాళ్ళు. వాళ్ళకి మన జీతం కారు డీజిల్‌కి కూడా రాదు, ఉన్నా లేకపోయినా ఒకటే. చేతికొచ్చే జీతం తప్ప ఇంకేమీ లేని నీలాంటిది అడుగుపెట్టగలదా? ఓడిపోయిన మరుసటి నెల ఏం తింటుంది?"

"ఇప్పుడు మాత్రం ఎవరొస్తున్నారు? నాలాంటివాళ్ళతో ఆ మూల బెంచీ ఒక్కటీ నిండదు."

"నీ బిల్లు పాసైతే ఆ మూల బెంచీ కూడా ఖాళీ అవుతుంది. అది వాళ్ళు చెయ్యరు, నువ్వు చేస్తున్నావు."

ఒప్పుకోవాల్సిన సంగతి ఒప్పుకోవాలి, ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. రాత్రుళ్ళు ఆమె తనలో తాను వేసుకుంటున్న ప్రశ్నే అది. ఇంకొకరి నోట వింటే ఇంత చేదుగా ఉంటుందనుకోలేదు.

"మరి ఇదే తెలివి డిపోవాళ్ళ విషయంలో ఏమైంది?" అంది చివరికి. "ఖజానా ఖాళీ, అందరూ ఓర్చుకోవాలి అని బల్ల గుద్ది చెప్పింది మీరే కదా. ఓర్చుకున్నారు. మా డ్రైవరన్నయ్య భార్య ప్రాణం పొయ్యేదాకా ఓర్చుకుంది. వాళ్ళ ఆడవాళ్ళవి మాత్రం కిడ్నీలు కావా?"

"ఆవిణ్ణి నేను చంపానా?"

"నేను అక్కని చంపుతున్నాననేగా ఇందాకట్నుంచీ మీరంటున్నది! మీరైతే విధానం, నేనైతే హత్యా?"

అంటూనే ఆమె చూపు అక్క మీదికి జారింది. బావ ఆ చూపు పట్టేశాడు. కమలాతొన నోట్లో వేసుకుని, యంత్రం వైపు తల ఊపాడు.

"విధానం అంటే కాగితం. ఇదిగో, ఇది మీ అక్క. అమ్మ పోయాక నీకు జడలేసింది ఈ చేతులే. చూసుకో. చూసుకుని వెళ్ళి, ఈ యంత్రం ఆపెయ్యండని సభలో చెప్పు."

కండక్టరమ్మ చూసింది. గొట్టాలు గుచ్చిన ఆ చెయ్యి ఉబ్బి, నల్లబడి, గాజులు కూడా పట్టకుండా ఉంది. స్కూలుకి వెళ్ళేటప్పుడు జడ బిగించి లాగి, "కదిలావంటే వీపు పగులుద్ది" అన్న చెయ్యి అది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. డిపో, సమ్మె, డిపో గేటు దగ్గర కార్మికులకు చేసిన ప్రమాణం, అన్నీ ఒక పక్క. ఈ చెయ్యి ఒక పక్క.

"నా వల్ల కాదు బావా," అంది. "తీసుకుంటాను. వెనక్కి తీసుకుంటాను."

"చెప్పుచ్చుకు కొడతాను."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అక్క కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎప్పట్నుంచి తెరిచి ఉన్నాయో ఎవరికీ తెలీదు.

"అక్కా!"

"ఎవరే అక్క? రెండేళ్ళు గుమ్మం తొక్కలేదు. నా వైద్యం ఆపడానికి బిల్లు పెడుతూ, అక్కా ఇలా చేస్తున్నానే అని ఒక్క మాట చెప్పలేదు. మంచం మీదున్నదాన్ని పేపర్లో చదివి తెలుసుకున్నాను. ఇప్పుడొచ్చి నన్ను చూసి ఏడ్చి, నా పేరు చెప్పి వెనక్కి తీసుకుంటావా? రేపు ఊరంతా ఏమంటారు? విప్ గారి పెళ్ళాం కోసం ఆగిపోయిందట అంటారు. నా రోగానికి ఆ కిరీటం ఒకటి తక్కువైంది!"

"నువ్వు పడుకో. ఆవేశపడకు," అన్నాడు బావ.

"మీరు నోర్మూసుకోండి."

పెళ్ళయినప్పట్నుంచీ ఆయన ఈ మాట ఆవిడ నోట విని ఉండడు. కమలాతొన చేతిలోనే ఉండిపోయింది.

"ఈ యంత్రాన్ని ఇక్కడి నర్సులు ఏమంటారో తెలుసా చెల్లీ?" అంది అక్క. "ఎక్కువకాలం ఎవరు వాడితే వాళ్ళ పేరుతో పిలుస్తారు. మొదట్లో నేను పడుకోగానే ఒకమ్మాయి ఇంకో అమ్మాయిని అడిగింది, డ్రైవరుగారావిడ మిషన్ కడిగావా అని. ఏ డ్రైవరు, ఎవరావిడ అని అడిగాను. చెప్పడానికి భయపడ్డారు. నేను వదల్లేదు. ఈ గది అప్పట్లో డిపో కుటుంబాలది. చట్టం రాగానే వాళ్ళని పంపించేసి, రంగులు వేయించి, చల్లటి గాలి పెట్టించి మనకిచ్చారు. నేను పడుకుంది మీ వదిన మంచం మీద."

అప్పట్లో కండక్టరమ్మ కింద బెంచీ మీద కూర్చుని, పైన ఏదో గదిలో వదిన ఉందనుకునేది. ఆ గది ఇదే.

"ఆ చట్టానికి ఓట్లు పోగేసింది ఎవరు? ఈయన," అంది అక్క. "ఇంటికొచ్చి గెలిచామని మిఠాయి తినిపించారు. నేను తిన్నాను. అందుకే శంఖాన్ని ఇంటికి పిలిచి, మరిదీ, నా చేతి అన్నం తిన్నవాడివైతే ఆ రోజు నోరు తెరవకు అన్నాను."

"నువ్వా?" బావ లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ శంఖాన్ని ఎవరు కొన్నారో తెలియక ప్రతిపక్షం మొత్తాన్నీ అనుమానించాడు పాపం. "మతి పోయిందా నీకు? రేపు దీనికి ఎవరు కడతారు?"

"ఇల్లు అమ్మండి."

"ఏ ఇల్లు?"

"మనకున్నది ఒకటేగా. నా పేరునే ఉంది. డిపోవాళ్ళు అమ్ముకోలేదా?"

అక్క ఆయన మొహంలోకి చూస్తూనే ఉంది. ఆయన కళ్ళు ఒక్క క్షణం భార్యను, ఒక్క క్షణం యంత్రాన్ని చూసి, కిటికీలోకి తప్పుకున్నాయి. ఇన్నేళ్ళ కాపురానికి ఆ తప్పుకోవడమే జవాబు. అక్క పెదవి కొరుక్కుంది.

"చూశావుగా," అంది చెల్లెలితో. "నీ బిల్లు కాదే నన్ను చంపేది. అది సరే, నువ్వు ఇప్పుడు ఇక్కడికెందుకొచ్చావు?"

"నువ్వే రమ్మన్నావని బావ..."

"నేను నిన్ను రమ్మనలేదే!"

కండక్టరమ్మ తల తిప్పింది. ఆపేసిన టీవీ వైపు చూసింది. రిమోటు కోసం చూసింది. అది బావ జేబులోంచి తొంగి చూస్తోంది. తటాలున లాగి నొక్కింది.

తెర మీద సభ. విరామం ఇంకా పూర్తికాలేదు, అయినా సభ నిండుగా ఉంది. స్పీకరు గొంతు సవరించుకుంటున్నాడు. "సభ్యులందరూ వచ్చేశారు కనుక ముందుగానే మొదలుపెడుతున్నాం. బిల్లు ప్రవేశపెట్టిన సభ్యురాలు లేచి ప్రతిపాదించాలి." కెమెరా నెమ్మదిగా తిరిగి మూల బెంచీ మీద ఖాళీ కుర్చీ దగ్గర ఆగింది.

రూలు చిన్నది. పెట్టినవాళ్ళు పిలిచినప్పుడు లేకపోతే బిల్లు దానంతటదే పోతుంది. మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ కాదనక్కర్లేదు, ఎవరి పేరూ చెడదు. పైగా విప్ గారు సభలోనే లేరు, రోగిష్టి భార్య పక్కన ఉన్నారు. ఆహా, ఏం మొగుడండీ!

"మొదటి పిలుపు," అన్నాడు స్పీకరు.

"నువ్వు మనిషివేనా?" కండక్టరమ్మ నోట మొట్టమొదటిసారి బావకు 'నువ్వు' వచ్చింది. "పెళ్ళాం మంచాన్ని గాలం చేశావా?"

"పరిగెత్తవే మొద్దూ! తిట్లు తర్వాత!" అక్క ఖాళీగా ఉన్న చేత్తో దిండు కింద ఫోను తడుముతోంది. "ఏమయ్యా మరిదీ, వినపడుతోందా? నేను వదినని. ఆ రోజు మూసుకోమన్నానుగా. ఇప్పుడు తెరువు!"

కండక్టరమ్మ మెట్లు రెండేసి దిగింది. కింద హాల్లో జనం టీవీ ముందు మూగి ఉన్నారు. ఆమెను చూసి ఒక ముసలాయన, "ఇదేంటమ్మా, నువ్విక్కడున్నావేంటి?" అని నోరు వెళ్ళబెట్టాడు. "రెండో పిలుపు" అని స్పీకరు అంటుండగా గాజు కిటికీలు అదిరేలా ఒక గొంతు లేచింది.

"అధ్యక్షా! కండక్టరు ఎక్కకముందే బండి ఎలా కదుపుతారండీ!"

హాలు గొల్లుమంది. తెర మీద సభ కూడా గొల్లుమంది. స్పీకరు గంట కొడుతున్నాడు, కూర్చోమంటున్నాడు, మైకు తీసేయమంటున్నాడు. శంఖానికి మైకు ఎందుకు? తాను మొదటిసారి గెలిచిన నాటి సంగతుల దగ్గర్నుంచి అందుకున్నాడు.

వీధిలో బస్సులు బారులు తీరి వస్తున్నాయి. ఆమె అడ్డంగా దిగి అరచెయ్యి ఎత్తింది. ముందున్న బస్సు కీచుమని ఆగింది. డ్రైవరు తిట్టబోయి, ఆమెను గుర్తుపట్టి తల వంచాడు. దాటుతూనే బస్సు ఒంటిమీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచింది. డిపో భాషలో ఒక దెబ్బంటే ఆగు, రెండంటే పో. ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే చరిచింది.

సభ మెట్లెక్కి, నడవా దాటి, హాలు పక్కనున్న గాజుతలుపు దగ్గరకొచ్చి పడింది. లోపల సభ మొత్తం కనిపిస్తోంది. వెనక బెంచీలో శంఖం ఇంకా నిలబడే ఉన్నాడు, మెడ నరాలు ఉబ్బాయి, గొంతు జీరబోతోంది. ఇంకెంతోసేపు మోగలేడు. తలుపుకు కార్డు ఆనించాలి. ఆమె చెయ్యి భుజం మీదికి వెళ్ళింది.

భుజం ఖాళీగా ఉంది.

"వెతుకుతున్నావా?"

వెనక బావ. ఎర్రలైటు కారుకు సిగ్నళ్ళు అడ్డమా? తాపీగా వచ్చాడు, చొక్కా మడత నలగలేదు. తోలు బ్యాగు ఆయన భుజానికి వేలాడుతోంది. తన కార్డు తీసి తలుపు వైపు చాచి, ఆనించకుండా ఆపాడు.

"వెనక్కి తీసుకుంటానని ఇందాక నీ నోటితోనే అన్నావు. ఆ మాట మీదుంటే తలుపు నేనే తీస్తాను. లేకపోతే మూడో పిలుపు ఇద్దరం ఇక్కణ్ణుంచే విందాం."

లోపల శంఖం గొంతు పీలగా సాగి, దగ్గులో ఆగిపోయింది. స్పీకరు కళ్ళజోడు సర్దుకున్నాడు.

కండక్టరమ్మ బ్యాగు వైపు చూసింది. అది తన కొలువు, తన రోజులు, తన పేరు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. ఆమె చెయ్యి చాపలేదు.

"ఉంచుకో బావా. నీకు అచ్చొస్తుంది," అంది. "బ్యాగు మోసినవాళ్ళందరూ కండక్టర్లు కాలేరు."

గిర్రున తిరిగి, ఒళ్ళంతా చేతిలోకి తెచ్చుకుని, గాజుతలుపు మీద అరచేత్తో చరిచింది. ఒకే ఒక్క దెబ్బ.

సభలో తలలన్నీ ఇటు తిరిగాయి. కెమెరాలూ తిరిగాయి. స్పీకరు మూడో పిలుపు కోసం తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ముందు బెంచీల్లో, విప్ మాట ఏనాడూ దాటని వరసలోంచి, ఎవరో కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. చేతిలో కార్డుతో, నెమ్మదిగా, తలుపు వైపు నడిచి వస్తున్నారు. ఆ మనిషి ఎవరో గుర్తుపట్టగానే, కండక్టరమ్మ వెనక ఉన్న బావ భుజం మీంచి తోలు బ్యాగు జారి కింద పడింది.